పట్టేసిందనుకున్న భుజం వదులైందేమో చూడండి: ఆటలాడే పిల్లల తల్లిదండ్రులకు, పీఈటీలకు సమగ్ర మార్గదర్శి

12 నుంచి 20 ఏళ్ల మధ్య కుర్రాడు వాలీబాల్‌లో గెంతి స్పైక్ కొట్టాకో, బంతి విసిరాకో భుజం నొప్పి అంటే మన గోదావరి డెల్టాలో జరిగే తంతు దాదాపు ఒకటే. నరం పట్టేసిందంటారు. రాత్రి కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాసి గట్టిగా మర్దన చేస్తారు. మర్నాడు గ్రౌండులో సీనియర్లు ఆ చెయ్యి వెనక్కి విరిచి లాగుతారు, "ఫ్రీ అయిపోద్దిరా" అంటూ. వారం పది రోజులు కాస్త తగ్గినట్టే ఉంటుంది. తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి ఇంకాస్త ఎక్కువగా.

భీమవరం వైపు ఫిజియోగా పనిచేస్తున్న నేను ఈ వరసలో వచ్చిన పిల్లల్ని చాలామందినే చూశాను. చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ వయసులో, చెయ్యి తల మీదికెత్తి ఆడే ఆటల్లో, పట్టేసినట్టుండే భుజం చాలాసార్లు నిజానికి వదులైన భుజం. గూడలో ఎముక నిలకడగా కూర్చోవడం లేదు గనక చుట్టూ ఉన్న కండరాలు దాన్ని జారిపోనివ్వకుండా అదేపనిగా బిగపట్టుకుని ఉంటాయి. నొప్పి పుట్టేది ఆ శ్రమ నుంచి, లోపల జరిగే రాపిడి నుంచి. దాన్ని బిగుతనుకుని సాగదీశామంటే కాపలా కాస్తున్నవాడిని మనమే పంపించేసినట్టు.

40 దాటిన నాన్నగారి భుజం నొప్పి వేరు. అక్కడ కండర తాళ్ళు అరగడం, భుజం నిజంగానే బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ లాంటివి ఎక్కువ. నాన్నకి పనిచేసిన చిట్కా కొడుకు మీద ప్రయోగించకండి.

గూడ ఎలా నిలబడుతుంది

తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో ఆ సౌకర్యం లేదు. జబ్బ ఎముక తల పెద్దది, అది ఆనే గూడు చిన్నది, లోతు తక్కువ. ఏ క్షణంలో చూసినా ఆ తలలో మూడో వంతు కూడా గూటికి ఆని ఉండదు. స్కూల్లో స్పూను మీద నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పందెం గుర్తుందిగా? నిమ్మకాయ పడకుండా ఉండేది స్పూను లోతు వల్ల కాదు, పట్టుకున్న చెయ్యి ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉండబట్టి. భుజంలో ఆ సర్దుబాటు పని మూడు వ్యవస్థలది.

మొదటిది గూటి అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే మెత్తటి కట్ట, కీలుని చుట్టిన సంచి, ఎముకల్ని కలిపి పట్టే దాని లిగమెంట్లు. లేబ్రమ్ గూటి లోతుని దాదాపు సగం మేర పెంచుతుంది. రెండోది రొటేటర్ కఫ్. నాలుగు చిన్న కండరాలు ముందు, పైన, వెనక నుంచి ఎముక తలని గూటిలోకి అదిమి పట్టుకుంటాయి. మూడోది రెక్క ఎముక. చెయ్యి ఎత్తినప్పుడు వీపు పైభాగాన చర్మం కింద కదులుతూ కనిపించే త్రికోణపు ఎముక ఇదే. గూడు ఉన్నది దీని మీదే. కాబట్టి చెయ్యి ఎటు వెళితే అది అటు తిరిగి గూటిని ఎముక తల కిందికి తీసుకురావాలి.

ఈ మూడింటిలో ఏది వెనకబడినా భుజం పూర్తిగా ఊడిపోనక్కర్లేదు. కొన్ని మిల్లీమీటర్లు పక్కకి జరిగి మళ్ళీ సర్దుకుంటుంది, అంతే. బయటికి ఏమీ కనిపించదు. వాపు ఉండదు, మామూలు ఎక్స్‌రేలో తేడా రాదు. అందుకే ఇది దాక్కుంటుంది. అలా జరిగిన ప్రతిసారీ కఫ్ కండరాల తాళ్ళు ఎముకల మధ్య నలుగుతాయి. డాక్టరు చీటీ మీద ఇంపింజ్‌మెంట్ అనో, టెండినైటిస్ అనో రాసి ఉంటే అది అబద్ధం కాదు, కానీ సగమే. 17 ఏళ్ల పిల్లాడికి ఆ తాళ్ళు ఎందుకు నలుగుతున్నాయన్నది మిగతా సగం.

మొదటి పని: వాడి మాట వినండి

పరీక్షలన్నిటికన్నా ముందు ఇది. "నొప్పి ఎక్కడ?" అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. ఇలాంటి పిల్లలు చాలామంది నొప్పి అనే మాటే వాడరు.

ఒక కుర్రాడు, ఊరి జట్టులో స్పైకర్, వాళ్ళ తాతయ్యతో వచ్చాడు. తాతయ్యగారు "నరమండి, నరం" అంటూనే ఉన్నారు. కుర్రాణ్ణి అడిగితే, "నొప్పంటే నొప్పేం కాదండి. గట్టిగా కొట్టినప్పుడు ఒక్కోసారి చెయ్యి చచ్చుబడిపోద్దండి. ఓ నిమిషం దులుపుకుంటే... ఆయ్, వచ్చేద్దండి మళ్ళీ." ఈ చచ్చుబడటమే అసలు కబురు. ఎముక తల ముందుకి జరిగినప్పుడు ఒక్కసారిగా చేతిలో బలం పోయినట్టు, జివ్వుమని తిమ్మిరెక్కినట్టు అనిపిస్తుంది. క్రీడా వైద్యంలో దీనికి డెడ్ ఆర్మ్ అనే పేరే ఉంది. ఆ కుర్రాడు మూడో సెట్‌కి వచ్చేసరికి స్పైక్ మానేసి, ఖాళీ చూసి మెల్లిగా వేసే ప్లేసింగులు వేస్తున్నాడట. కోచ్ దాన్ని భయమన్నారు. ఒక రకంగా భయమే, కాకపోతే అది మనసుది కాదు, భుజానిది.

అడగాల్సినవి ఇవి. చెయ్యి వెనక్కి ఎత్తి కొట్టబోయే క్షణంలో ఇబ్బందా, కొట్టాక చెయ్యి కిందికి వచ్చేటప్పుడా? చెవి పక్క నుంచి వెనక్కి వెళ్ళినప్పుడు జారుతున్నట్టుంటే ముందువైపు వదులుని అనుమానించాలి. పుషప్ తీసేటప్పుడో, ఎదురుగా ఉన్న బరువుని నెట్టేటప్పుడో ఉంటే వెనకవైపు. సంచి మోసేటప్పుడు లాగినట్టుంటే కిందివైపు. లోపల టక్కుమని చప్పుడొస్తుందా? రాత్రి చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే మెలకువ వస్తోందా? ఎప్పుడైనా కబడ్డీలో ఎవరైనా చెయ్యి పట్టి లాగారా, బైకు మీంచి పడ్డాడా? రెండేళ్ల కిందటిదైనా చెప్పమనండి. చిన్నప్పుడు స్నేహితుల ముందు గూడ జార్చి చూపించే విద్య ఏమైనా ఉందా? ఉంటే ఆ ప్రదర్శన ఆ రోజుతో ఆపించాలి. ప్రతి ప్రదర్శనా కీలు సంచిని ఇంకొంచెం సాగదీస్తుంది, కండరాలకి తప్పుడు అలవాటు నేర్పుతుంది.

రెండో పని: చొక్కా విప్పించి వెనక నుంచి చూడండి

ఆడపిల్లలైతే అమ్మో, లేడీ టీచరో స్లీవ్‌లెస్ బనియన్ మీద చూడొచ్చు. పగటి వెలుతురులో, నాలుగడుగుల దూరంలో నిలబడండి.

రెండు చేతుల్లోనూ నీళ్ళు నింపిన లీటరు సీసాలు ఇవ్వండి. చిన్న పిల్లలైతే అరలీటరు. మోచేతులు వంచకుండా చేతులు ముందు నుంచి నెమ్మదిగా తల మీదికి ఎత్తి, అంతే నెమ్మదిగా దించమనండి. ఐదుసార్లు. ఎత్తేటప్పుడు కన్నా దించేటప్పుడు జాగ్రత్తగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న రెక్క ఎముక వీపుకి అంటిపెట్టుకుని జారుతుంది. నొప్పి వైపుది వెన్నుపూస దగ్గరి అంచు పైకి లేచి కనిపించినా, చెయ్యి సగం దిగాక గబుక్కున పడినట్టు కదిలినా, భుజం చెవి వైపు ఎగబాకినా రెక్క ఎముక పట్టు తప్పిందన్నమాట. తేడా రెండో మూడోసారికి గానీ బయటపడదు, కండరం అలిసిపోవాలి కదా.

అక్కడే ఉండి రెక్క ఎముక వెనక భాగాన్ని రెండు వైపులా పోల్చండి. వాలీబాల్ పిల్లల్లో కొట్టే చేతి వైపు అక్కడ గుంట పడి ఉంటే అది ఒక నరం ఒత్తిడికి గురై ఇన్‌ఫ్రాస్పైనేటస్ అనే కఫ్ కండరం ఎండిపోతున్న గుర్తు. స్పైకర్లలో ఇది తెలిసిన సంగతే. తమాషా ఏమిటంటే చాలామందికి ఆ గుంట నొప్పే పెట్టదు. ఎవరూ వెనక నుంచి చూడకపోతే ఏళ్ల తరబడి బయటపడదు. కనబడితే మాత్రం ఇంట్లో వ్యాయామాలతో కాలక్షేపం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

తర్వాత ముందు నుంచి చూడండి. నీళ్ళ బకెట్ పట్టుకుని చెయ్యి వదులుగా వేలాడదీయమనండి. భుజం చివరి ఎముక కింద వేలు పట్టేంత గుంట పడుతోందా? రెండు వైపులా పడితే పుట్టుకతో వచ్చిన వదులు కావచ్చు. ఒక్కవైపే పడుతూ నొప్పి కూడా ఉంటే రాసిపెట్టుకోండి.

ఒళ్ళంతా వదులేనా అన్నది బీటన్ స్కోరుతో తెలుస్తుంది. మొత్తం తొమ్మిది మార్కులు. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే చేతికొకటి, బొటనవేలు ముంజేతికి ఆనితే చేతికొకటి, మోచేయి 10 డిగ్రీలకు మించి వెనక్కి వంగితే ఒక్కోదానికీ ఒకటి, మోకాలు కూడా అంతే. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకి పూర్తిగా ఆనిస్తే మరొకటి. ఎదిగిన పిల్లల్లో ఐదు, చిన్నపిల్లల్లో ఆరు వచ్చాయంటే అది వదులు ఒళ్ళు. అది జబ్బేమీ కాదు. డాన్సు, జిమ్నాస్టిక్స్, ఈతల్లో అలాంటి ఒళ్ళే పైకొస్తుంది. కానీ ఈ పిల్లలకి సాగదీసే వ్యాయామాలు ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో చూసి పిల్లాణ్ణి పడుకోబెట్టి చెయ్యి పక్కకి చాపి వెనక్కి నొక్కే పరీక్ష మీరు చెయ్యకండి. నిజంగా వదులుంటే గూడ ఆ భంగిమలోనే జారుతుంది. అది చేతిలో పని తెలిసినవాళ్ళు చెయ్యాల్సింది.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

పడ్డాక భుజం గుండ్రం పోయి చదునుగా కనిపించినా, చెయ్యి కదపలేకపోయినా, భుజం బయటివైపు అరచెయ్యంత మేర స్పర్శ తెలియకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి. గూడ ఎక్కిస్తామని ఎవరు ముందుకొచ్చినా చెయ్యి వాళ్ళకి అప్పగించకండి. ఎముక విరిగి ఉండొచ్చు, నరం నలిగి ఉండొచ్చు. ఎక్స్‌రే లేకుండా లాగడం జూదం. ఉన్న స్థితిలోనే తువ్వాలుతో కట్టి తీసుకెళ్ళండి.

ఆటకీ విశ్రాంతికీ సంబంధం లేకుండా రాత్రిళ్ళు పెరిగే నొప్పి, జ్వరం, గట్టి వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం వద్దు. జబ్బ ఎముక పైభాగం ఎదిగే పిల్లల్లో ఎముక కణుతులు వచ్చే చోట్లలో ఒకటి. అరుదే, కానీ అరుదని వదిలెయ్యదగింది కాదు.

మూడోది ఎక్కువగా పొరబడేది. 11 నుంచి 16 ఏళ్ల మధ్య బౌలర్లు, జావెలిన్ విసిరేవాళ్ళలో జబ్బ ఎముక పైన ఎదుగుదల పొరే దెబ్బ తినొచ్చు. విసిరినప్పుడు భుజం పక్కన లోతుగా నొప్పి, అక్కడ నొక్కితే నొప్పి. రెండు భుజాలకీ ఎక్స్‌రే తీసి పోలిస్తేనే తెలుస్తుంది. దానికి మందు సుమారు మూడు నెలలు విసరడం మానెయ్యడం. అవును, మూడు నెలలు. సంక్రాంతి టోర్నమెంటు పోయినా సరే.

మూడో పని: చేతి మీద పడే మొత్తం లెక్క కట్టండి

కోచ్‌కి తన గ్రౌండులో కొట్టిన బంతులే కనిపిస్తాయి. భుజానికి అన్నీ ఒకే ఖాతాలో పడతాయి.

ఉదాహరణకి మన దగ్గర ఒక ఇంటర్ కుర్రాడు. ఉదయం కాలేజీ జట్టు ప్రాక్టీసు. సాయంత్రం ఊరి కోర్టులో లైట్ల కింద పెద్దవాళ్ళతో రెండు మూడు మ్యాచులు. మధ్యలో నాన్నకి సాయంగా రొయ్యల చెరువులో దోనె మీద నిలబడి మేత చల్లుతాడు. దోసిళ్ళతో, అదే చేత్తో, చెరువంతా. అంతర్వేది వైపు, యానాం వైపు తీరం పిల్లలైతే వల విసరడం దీనికి అదనం. ఆదివారం కాలవలో ఈత. వీటిలో దేన్నీ వాడు ఆటగా లెక్కపెట్టడు, అడిగినా చెప్పడు. అమలాపురం షటిల్ కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో పురుషుల జట్ల బ్యాడ్మింటన్ టోర్నీ థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఉండి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాక మా దగ్గరికి షటిల్ పిల్లలు కూడా ఎక్కువ వస్తున్నారు. ఒకే వారంలో షటిల్ స్మాషులు, వాలీబాల్ సర్వీసులు రెండూ చేసే పిల్లలున్నారు.

అగ్రశ్రేణి స్పైకర్ ఒక సీజన్‌లో 40,000 దాకా స్పైకులు కొడతాడని క్రీడా వైద్యుల అంచనా. మన కుర్రాడు అందులో పావు వంతు కొట్టినా, ఆ పావు వంతుకి సరిపడే కండరం వాడికింకా తయారవలేదు.

ఒక వారం నోట్‌బుక్ పెట్టండి. మూడు గీతలు చాలు: తల మీదికి చెయ్యెత్తి చేసిన పని ఎంతసేపు, ఆ రోజు నొప్పి పదికి ఎంత, మర్నాడు పొద్దున్నే ఎంత. మర్నాటి అంకె ముఖ్యం. ఆట వేడిలో కనిపించనిది పళ్ళు తోముకునేటప్పుడు కనిపిస్తుంది.

నాలుగో పని: మొదటి రెండు వారాలు

చేతికి స్లింగ్ కట్టి కూర్చోబెట్టడం కాదు. తల మీదికెత్తి కొట్టేవి, విసిరేవి ఆపండి. పరుగు, కాళ్ళ వ్యాయామం, నడుం కింద బంతి పాస్ చేయడం, ఇవన్నీ నొప్పి లేనంతవరకు కొనసాగనివ్వండి. జట్టుతో ఉంటేనే పిల్లాడు మాట వింటాడు.

ఆటయ్యాక నొప్పుంటే గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు. మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడటం మాత్రం వద్దు. నొప్పి ఇక్కడ ఉన్న ఒకే ఒక్క అలారం, దాన్ని నొక్కేసి ఆడితే లేబ్రమ్ చిరిగినా తెలియదు. ఎదిగే పిల్లల భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షను గురించి ఎవరైనా మొదటి రోజే మాట్లాడితే రెండో అభిప్రాయం తీసుకోండి.

మానాల్సిన జాబితా కొంచెం పెద్దదే. చెయ్యి వెనక్కి విరిచి లాగడం, గుమ్మం ఫ్రేముకి చేతులాన్చి ఛాతీ సాగదీయడం, కడ్డీని మెడ వెనక్కి లాగే లాట్ పుల్‌డౌన్, డిప్స్, ఛాతీకి ఆనేదాకా దించే బెంచ్ ప్రెస్, కడ్డీకి వేలాడటం. జిమ్ వాళ్ళు కోప్పడినా సరే. నూనె మర్దన చెయ్యకుండా అమ్మమ్మల్ని ఆపడం నావల్ల కాలేదు, అందుకని వాళ్ళకి చెప్పేది ఇదొక్కటే: మెల్లిగా రాయండి, చెయ్యి మాత్రం తిప్పొద్దు, లాగొద్దు.

ఐదో పని: డాక్టరు దగ్గరికి సిద్ధంగా వెళ్ళండి

ఈ రెండు వారాల్లో చచ్చుబడటం, జారినట్టుండటం తగ్గకపోతే, లేదా ఏదైనా దెబ్బ తర్వాత మొదలైతే ఎముకల డాక్టరుకి చూపించండి. వీలైతే భుజం, క్రీడా గాయాలు చూసేవారికి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. సర్జరీ మాట వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందో లేదో ఆ ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకుల్ని ముందే అడగండి.

నోట్‌బుక్ తీసుకెళ్ళండి. పిల్లాడు కొట్టే తీరు ఫోన్లో పక్క నుంచి, వెనక నుంచి తీసుకెళ్ళండి. "ఇన్‌స్టెబిలిటీ, అంటే గూడ వదులు, ఏమైనా ఉందా డాక్టరుగారూ, చేత్తో చూస్తారా?" అని నేరుగా అడగండి. రోగ నిర్ధారణ ప్రధానంగా చేతి పరీక్షతోనే. పడుకోబెట్టి చెయ్యి వెనక్కి తీసుకెళ్ళినప్పుడు పిల్లాడి ముఖంలో బెదురు, అదే సమయంలో ఎముక తలని ముందు నుంచి అదిమి పట్టుకోగానే ఆ బెదురు పోవడం. ఈ జత చాలా విలువైన ఆధారం.

దెబ్బ తగిలిన చరిత్ర ఉంటే ఎక్స్‌రేలో ముందు నుంచి తీసేదే కాక చంక వైపు నుంచి తీసే వ్యూ కూడా ఉండాలి. లేబ్రమ్ చిరుగు చూడాలంటే కీలులోకి రంగు మందు పంపి తీసే ఎమ్మారై మామూలుదానికన్నా మెరుగు. అయితే దెబ్బ లేకుండా, పుట్టు వదులుతో అన్నివైపులా జారే భుజంలో ఎమ్మారై నిక్షేపంగా ఉండొచ్చు. "రిపోర్టు నార్మలే, పిల్లాడు నటిస్తున్నాడు" అనే మాట ఇంట్లో వినపడకూడదు. స్కాను కదలకుండా పడుకున్న భుజానికి తీస్తారు, జారేది కదిలే భుజం.

ఆరో పని: వ్యాయామం, అసలు వైద్యం

ఒక్క దెబ్బతో లేబ్రమ్ చిరిగిన భుజానికీ, దెబ్బ లేకుండా వదులైన భుజానికీ ఫలితం వేరు. బర్క్‌హెడ్, రాక్‌వుడ్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాయామంతోనే మంచి ఫలితం వచ్చింది రెండో రకంలో 80 శాతం భుజాలకి, మొదటి రకంలో 16 శాతానికే. కాబట్టి దెబ్బ చరిత్ర లేని పిల్లాడికి కనీసం మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేయించకుండా ఆపరేషన్ మాట ఎత్తక్కర్లేదు.

సామాను: ఒక తువ్వాలు, గోడ, రబ్బరు బ్యాండు. బ్యాండు దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబుని నిలువునా సన్నగా కోసి వాడొచ్చు. వెడల్పు ట్యూబు మొదటి నెలకి మరీ గట్టి.

మొదటి మూడు వారాలు. గోడ పక్కన నిలబడి, మోచేయి 90 డిగ్రీలు వంచి ఒంటికి ఆన్చి, ముంజేత్తో గోడని బయటికి నెట్టాలి, తర్వాత మరోవైపు తిరిగి లోపలికి. సగం బలంతో, పది లెక్కపెట్టేదాకా, పదిసార్లు. చెయ్యి కదలదు, కఫ్ కండరాలు మేలుకుంటాయి. దీనితోపాటు గోడకి అరచేతులు ఆన్చి, మోచేతులు వంచకుండా వీపుని మాత్రం వెనక్కి నెట్టడం. రెక్క ఎముకలు పక్కటెముకల మీద ముందుకి జారాలి. చూడ్డానికి ఏమీ చెయ్యనట్టుంటుంది, పిల్లలు నవ్వుతారు. రెక్క ఎముకని వీపుకి అదిమిపెట్టే సెరేటస్ అనే కండరానికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం లేదు.

నాలుగో వారం నుంచి బ్యాండు. కిటికీ ఊచకి నడుం ఎత్తులో కట్టండి. చంకకీ మోచేతికీ మధ్య మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. అది కింద పడకుండా ముంజేతిని బయటికి తిప్పాలి, మూడు లెక్కల్లో వెనక్కి రావాలి. 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. అందరూ బయటికి తిప్పడం వేగంగా చేసి తిరిగొచ్చేటప్పుడు వదిలేస్తారు. బంతి కొట్టాక చేతిని ఆపేది ఆ తిరుగు ప్రయాణపు బలమే, కనక అక్కడే నెమ్మది కావాలి. దీని తర్వాత లోపలికి తిప్పడం, అదే బ్యాండుతో రెండు మోచేతులు వెనక్కి లాగే రోయింగు. లాగేటప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తుంటే బ్యాండు గట్టిదని అర్థం, సన్నంది తీసుకోండి.

రెండో నెలలో నేల మీదికి. నాలుగు కాళ్ళ భంగిమలో ఒక చెయ్యి పైకెత్తి మిగతా చెయ్యి మీద నిలకడగా ఉండటం, ప్లాంకు, గోడ నుంచి మంచం అంచుకి, అక్కడి నుంచి నేలకి దిగే పుషప్పులు. బోర్లా పడుకుని చేతుల్ని పక్కకీ, ఏటవాలుగా పైకీ ఎత్తడం, మొదట ఖాళీ చేతులతో.

చెయ్యి భుజం ఎత్తుకి లేపి, మోచేయి వంచి, బ్యాండుని వెనక్కి తిప్పే వ్యాయామం మూడో నెలకి ముందు వద్దు. ఆ భంగిమలో బెదురు పోయిందని ఫిజియో చూశాకే. తర్వాత టెన్నిస్ బంతిని గోడకి కొట్టి పట్టుకోవడం లాంటి వేగపు పనులు.

కాళ్ళని మర్చిపోవద్దు. చెయ్యి తల మీదికెత్తి కొట్టే దెబ్బకి శక్తిలో సగానికి పైగా కాళ్ళ నుంచి, నడుం నుంచి వస్తుంది. ఒంటికాలి మీద స్క్వాట్ చేస్తూ మోకాలు లోపలికి పడే స్పైకర్ ఆ లోటుని భుజంతో పూడ్చుకుంటాడు. నేనైతే ఏ భుజం కేసుకైనా మొదటి రోజే ఒంటికాలి స్క్వాట్ చేయించి చూస్తాను.

ఏడో పని: మళ్ళీ కోర్టులోకి

తేదీ చూసి పంపకండి, భుజం చూసి పంపండి. కదలిక రెండో చేతితో సమానంగా, నొప్పి లేకుండా ఉండాలి. బయటికి తిప్పే బలం రెండో చేతి బలంలో 90 శాతమైనా రావాలి, ఫిజియో దగ్గర కొలిచే సాధనం ఉంటుంది. వెనక్కి ఎత్తినప్పుడు ముఖంలో బెదురు ఉండకూడదు. వెనక నుంచి సీసాల పరీక్ష మళ్ళీ చేస్తే రెక్క ఎముక లేవకూడదు.

మొదటి వారం నిలబడి గోడకి సగం బలంతో 20, 30 దెబ్బలు, రోజు విడిచి రోజు. రెండో వారం 40 నుంచి 50. మూడో వారం నెట్ దగ్గర, గెంతకుండా. ఆ తర్వాత గెంతి, ముప్పావు బలంతో. సర్వీసు చివర. మర్నాడు పొద్దున నొప్పి అంకె పదికి మూడు దాటితే ముందటి వారానికి వెనక్కి. బౌలర్లకీ ఇదే వరస, దెబ్బల బదులు బంతులు, పొట్టి రన్నప్ నుంచి మొదలు.

ఊరి కోర్టుల్లో ఇంకో సంగతి ఉంది. పెద్ద మగవాళ్ళ నెట్ 2.43 మీటర్ల ఎత్తు. ఎనిమిదో తరగతి పిల్లాడు దాని మీదుగా కొట్టాలంటే చెయ్యి చెవికి అతుక్కుపోయేలా ఎత్తి, వెన్ను విల్లులా వంచక తప్పదు. పిల్లల ప్రాక్టీసుకి తాడు దించండి, పీఈటీగారూ. ఇందులో ఖర్చేమీ లేదు.

గూడ నిజంగా ఊడిందంటే

అది వేరే దారి, క్లుప్తంగా చెబుతాను. 20 ఏళ్ల లోపు, ఒకరికొకరు తగిలి ఆడే ఆటల్లో గూడ ఒకసారి పూర్తిగా తప్పితే సగం మందికి పైగా మళ్ళీ తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ గూటి అంచు ఎముక కొంత అరుగుతుంది. అందుకే కబడ్డీ ఆడే కుర్రాడికి మొదటిసారికే ఎమ్మారై తీసి, లేబ్రమ్‌ని చిన్న రంధ్రాల గుండా, కీహోల్ పద్ధతిలో కుట్టే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడటం తొందరపాటేమీ కాదు. గూటి ఎముకలో సుమారు 20 శాతం మించి పోయి ఉంటే లేబ్రమ్ కుడితే చాలదు, దగ్గరి ఎముక ముక్కని తెచ్చి బిగించే లటార్జే ఆపరేషన్ దాకా వెళ్తుంది. దేని తర్వాతైనా మ్యాచ్ ఆడాలంటే ఐదారు నెలలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం పైన చెప్పిన వ్యాయామాలే.

నొప్పి తగ్గిన పిల్లలు మొట్టమొదట మానేసేది కూడా ఆ వ్యాయామాలనే. విడిగా చెయ్యమంటే చెయ్యరు గనక జట్టు వార్మప్‌లోనే కలపండి. గోడ నెట్టుడు, తువ్వాలుతో బ్యాండు, నాలుగు కాళ్ళ నిలకడ, మొత్తం పది నిమిషాలు, వారానికి రెండు రోజులు, ఆడేవాళ్ళందరికీ. బ్యాండులు నెట్ సంచిలోనే ఉంచితే మర్చిపోరు. ఎండలో వదిలేస్తే మాత్రం రబ్బరు పెళుసెక్కి ముఖం మీదికి తెగుతుంది, నెలకోసారి సాగదీసి పగుళ్ళు చూసుకోండి.